పతాకం పట్టిన డాక్టరు: తాలిమెరెన్ ఆవో

స్వతంత్ర భారత ఫుట్‌బాల్ జట్టుకు తొలి కెప్టెన్ ఎవరని అడిగితే మనలో ఎంతమందిమి చెప్పగలం? ఆయన ఒక ఆదివాసీ. నాగా కొండల్లోని ఆవో తెగవాడు.

తాలిమెరెన్ ఆవో 1918 జనవరి 28న, ఇప్పటి నాగాలాండ్‌లోని మోకోక్‌చుంగ్ జిల్లా చాంగ్‌కీ గ్రామంలో పుట్టారు. తండ్రి క్రైస్తవ బోధకుడు. కొడుకు డాక్టరై సొంత జనానికి వైద్యం చేయాలన్నది ఆ తండ్రి కోరిక. 1935లో టైఫాయిడ్ ఆయన్ని తీసుకుపోయింది. కొడుకుకు మిగిలింది ఆ మాట ఒక్కటే.

చదువు కోసం కొండ దిగి అస్సాం వెళ్లారు. జోర్హాట్‌లో, తరువాత గువాహటి కాటన్ కాలేజీలో చదివారు. అక్కడ మహారాణా క్లబ్ తరఫున ఆడారు. ఆపైన కలకత్తాలోని కార్మైకేల్ వైద్య కళాశాలలో చేరారు. దాన్నే ఇప్పుడు ఆర్.జి.కర్ అంటున్నారు. 1943లో మోహన్ బగాన్ ఆయన్ని తీసుకుంది. డిఫెండర్లకు ముందు నిలబడి, ఎదుటి జట్టు దాడిని మధ్యలోనే తుంచేయడం ఆయన పని. గోల్ కొట్టినవాడి పేరు పేపర్లో పడుతుంది. గోల్ పడకుండా చూసినవాడి పేరు పడటం తక్కువ. అలాంటి చోట ఆడుతూనే ఆయన మోహన్ బగాన్‌కు కెప్టెన్ అయ్యారు.

1948 లండన్ ఒలింపిక్స్‌లో భారత బృందం ముందు జాతీయ పతాకం పట్టుకుని నడిచింది ఆయనే. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఇంకా ఏడాది కూడా నిండలేదు. జులై 31న ఫ్రాన్స్‌తో మ్యాచ్. మనవాళ్లలో ఎక్కువమంది బూట్లు లేకుండా ఉత్తికాళ్లతోనే ఆడారు. ఫ్రాన్స్ ముందు గోల్ కొట్టింది. రామన్ స్కోరు సమం చేశాడు. రెండు పెనాల్టీలు దొరికినా రెండూ చేజారాయి. ఆట ముగియబోతుండగా 89వ నిమిషంలో ఫ్రాన్స్ రెండో గోల్ వేసింది. 1–2. ఓడినా అక్కడి ప్రేక్షకులు మనవాళ్లను మెచ్చుకున్నారు.

ఆర్సెనల్ క్లబ్ ఆయన్ని ఆడమని పిలిచిందనీ, వైద్య విద్య పూర్తి కావాలని ఆయన వద్దన్నారనీ చెబుతారు. ఆ సంగతి ఎలా ఉన్నా, ఆ తరువాత ఆయన నడిచిన దారి మాత్రం స్పష్టంగా ఉంది. 1950లో ఎంబీబీఎస్ పూర్తి చేశారు. కొంతకాలం దిబ్రూగఢ్‌లో పనిచేసి, 1953లో కోహిమా ఆసుపత్రికి వెళ్లారు.

మన ఏజెన్సీ ఊళ్లలో డాక్టరు లేని ఆసుపత్రి ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. వచ్చిన డాక్టరు ఎప్పుడు బదిలీ చేయించుకుంటాడా అని చూసే జనం మనం. కలకత్తాలో అంత పేరున్న మనిషి ఆ కొండలకే తిరిగి వెళ్లడం చిన్న విషయం కాదు. అందులో త్యాగం ఉందని అందరూ రాస్తారు. నాకైతే అది చిన్నప్పుడే ఖాయం చేసుకున్న ప్రయాణంలా కనిపిస్తుంది. దారిలో ఒలింపిక్స్ తగిలింది, అంతే.

1963లో నాగాలాండ్ రాష్ట్రం ఏర్పడింది. ఆ రాష్ట్ర ఆరోగ్య సేవల డైరెక్టరుగా పనిచేసి 1978లో ఆవో రిటైరయ్యారు. 1998 సెప్టెంబరు 13న కన్నుమూశారు. ఈశాన్య రాష్ట్రాల జట్ల కోసం 2009లో ఆయన పేరుతో ఫుట్‌బాల్ టోర్నమెంటు మొదలైంది.