డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు

మందుచీటీలమీద కానవచ్చు ఫోలిక్ ఆమ్లము, టెట్రాసైక్లిన్, మెథోట్రెక్సేట్ మున్నగు పదములు మనలో పెక్కుమందికి అర్థముకాని మంత్రాక్షరములవలె తోచును. ఆ పదముల వెనుక ఒక తెలుగుబిడ్డ జీవితము కలదు. ఆ చరిత్రమును తెలిసికొన్నచో పదముల యర్థమును తేటపడును గనుక రెంటిని కలిపి విన్నవించుచున్నాను.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమునందు జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవిన్యూశాఖలో ఉద్యోగి, తల్లి వెంకమ్మగారు. ఇంట లేమి మెండు. పదుమూడేండ్ల ప్రాయమున, కాశీలో యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని బాలుడు ఇల్లు విడిచిపోగా, తల్లి వెదకించి తెచ్చి మరల బడిలో వేసిరి. మెట్రిక్యులేషన్ పరీక్షయందు రెండుమారులు తప్పి మూడవమారు గెలిచిరి. పిదప మదరాసు వైద్యకళాశాలలో చేరిరి. ఖద్దరు ధరించినందున శస్త్రవైద్యాచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టముతో తృప్తిపడవలసివచ్చెను.

ఆ రోజులలోనే ఆ ఇంట పిడుగు పడెను. ఇరువురు సోదరులు స్ప్రూ అను గ్రహణీరోగముచే కొద్దిదినముల యెడముతో మరణించిరి. ఈ రోగమున ప్రేగులు అన్నసారమును గ్రహింపజాలవు. తిన్నది ఒంటబట్టక రక్తము క్షీణించును. సుబ్బారావుగారికిని అదియే సోకగా, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే బ్రతికిరి. రోగమునకు మూలమేదో కనుగొనవలెనను పట్టుదల ఆయన మనస్సున అప్పుడే నాటుకొనెను.

మామగారి ధనసహాయముతో, భార్య శేషగిరిగారిని విడిచి అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు వెళ్లిరి. ఆసుపత్రిలో చిన్న కొలువు చేయుచు చదివిరి. అచ్చట ఫిస్కే అను ఆచార్యునితో కూడి, రక్తములోని భాస్వరమును నీలిరంగు చిక్కదనమునుబట్టి కొలుచు పద్ధతిని 1925లో వెలువరించిరి. ప్రాణుల శరీరములో జరుగు ఇట్టి రసాయన వ్యాపారములను శోధించు విద్యకే జీవరసాయనశాస్త్రమని పేరు. ఆ కొలత చేతనుండుటవలన 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి. అను పదార్థమును గుర్తింపగలిగిరి. ఏ.టి.పి.ని ఆ యేడే జర్మనీలో లోమన్ కూడ వేరుగా కనుగొనెను. లెక్కలు వ్రాయువాడను గనుక నా భాషలో చెప్పెదను: కండరము పనిచేయుటకు వెచ్చించు చేతిరొక్కము ఏ.టి.పి.; రొక్కము తరిగినపుడు వెంటనే తీసియిచ్చు నిలువ ఫాస్ఫోక్రియాటిన్.

ఇంత చేసినను హార్వర్డునందు ఆయనకు స్థిరమైన పదవి దొరకలేదు. 1940లో లెడర్లీ ఔషధసంస్థలో చేరిరి. గర్భవతుల రక్తహీనతను ఈస్టుసారము మాన్పునని బొంబాయిలో లూసీ విల్స్ అను వైద్యురాలు 1931లోనే చూపియుండెను. ఆ గుణము గల పదార్థమును 1941లో పాలకూరనుండి తీసినవారు, ఆకు అను అర్థముగల లాటిన్ మాటనుబట్టి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. మణుగుల ఆకునుండి చిటికెడు వచ్చునది ఎందరికి చాలును? సుబ్బారావుగారి బృందము 1945 నాటికి దానిని ప్రయోగశాలలోనే తయారుచేసి అందరికి అందునట్లు చేసెను.

శరీరమున ఒక కణము రెండగుటకు ముందు, వంశలక్షణములను మోయు డి.ఎన్.ఏ.కు నకలు సిద్ధము కావలెను. ఆ పనికి ఫోలిక్ ఆమ్లము అవసరము. రక్తక్యాన్సరు కణములకు దానిని పోలిన దొంగనాణెమునిచ్చినచో వాని పెరుగుదల ఆగును. ఈ యుక్తితో లెడర్లీలో పుట్టిన అమినోప్టెరిన్ మందును బోస్టన్‌లో ఫార్బర్ అను వైద్యుడు పిల్లలకిచ్చి, 1948లో ఫలితమును ప్రకటించెను. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. బోదకాలునకిచ్చు హెట్రజాన్‌యు ఆయన పర్యవేక్షణలో వెలువడినదే. ఆ శాలలోనే డగ్గర్ అను వృద్ధశాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్‌ను తీసెను. అది టెట్రాసైక్లిన్ జాతికి తొలిచూలు.

సోదరులను బలిగొన్న స్ప్రూ రోగమునకు వైద్యులు నేడు ఇచ్చునవి ముఖ్యముగా రెండు: ఫోలిక్ ఆమ్లము, టెట్రాసైక్లిన్. మొదటిదాని తయారీయు, రెండవదాని జాతికి తొలిచూలును ఆయన నడపిన శాలనుండి లోకమునకు వచ్చినవే. అయినను ఆయన స్వదేశము చేరలేదు, భార్యను మరల చూడలేదు. 1948 ఆగస్టులో, 53 ఏండ్ల వయస్సున, అమెరికాలో నిద్రలోనే కన్నుమూసిరి. నోబెల్ బహుమానము రాలేదు. 1995లో భారతప్రభుత్వము ఆయన పేర తపాలాబిళ్ల వెలువరించెను.

మన నల్లమాడ సీమలో వాన తప్పిన యేట ఆకుకూర అరుదగును. అయినను మన వేరుశనగలోను ఈ ఆకుసత్తువ కొంత గలదు. ఆకుకూరను మితిమీరి ఉడికించి నీరు పారబోసినచో అది నశించును. గర్భవతులకు ఇనుముతో కలిపి ఉచితముగా ఇచ్చు చిన్నమాత్రలో ఉన్నదియు అదియే. దానిని గూటిలో పెట్టి మరువక మ్రింగుడని ఇంటి ఆడపడుచులకు చెప్పుట మన విధి. పరీక్ష తప్పిన బాలురు ఈ చరిత్రమును చదివి ధైర్యము చిక్కబట్టుకొందురుగాక.