వాల్తేరు స్టేషన్ బయట అరెస్టైన మౌలానా

విశాఖ స్టేషన్‌లో రైలు ఎక్కని కుటుంబం మనలో అరుదు. కానీ 1921 సెప్టెంబర్ 14న ఆ స్టేషన్ బయట ఏం జరిగిందో మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? అప్పట్లో దాని పేరు వాల్తేరు. పోర్టు ఇంకా రాలేదు, అది 1933లో మొదలైంది. స్టీల్ ప్లాంట్ మాట అసలే లేదు. కలకత్తా నుంచి మద్రాసు వెళ్లే రైలు అక్కడ అరగంట లోపే ఆగేది. ఆ కాస్త టైములోనే బయట జనంతో మాట్లాడి వద్దామని ఇద్దరు దిగారు. ఒకరు గాంధీజీ, ఇంకొకరు మౌలానా ముహమ్మద్ అలీ జౌహర్.

గాంధీజీ నాలుగడుగులు ముందున్నారు. వెనక నుంచి మౌలానా గొంతు వినిపించింది. చేతికిచ్చిన నోటీసును ఆయన గట్టిగా చదువుతున్నారు. ఇద్దరు తెల్లవాళ్లు, అరడజను మంది మన పోలీసులు వచ్చారు. చదవడం పూర్తి కాకుండానే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లిపోయారు. ఆయన నవ్వుతూ చెయ్యి ఊపారు. గాంధీజీ వెళ్లి సభలో మాట్లాడి, జనాన్ని శాంతంగా ఉండమన్నారు. తిరిగొచ్చి కలుస్తానంటే ఒప్పుకోలేదు. భార్య అమ్జదీ బానో బేగంను, కార్యదర్శిని మాత్రమే లోపలికి పంపారు.

ఇంతకీ ఆయన చేసిందేంటి? ఆ ఏడాది జులైలో కరాచీ ఖిలాఫత్ మహాసభలో ఒక తీర్మానం చేశారు. బ్రిటిష్ సైన్యంలో కొలువు చేయడం ముసల్మానుకు ధర్మసమ్మతం కాదన్నదే దాని సారం. వాల్తేరు నుంచి ఆయన్ను కరాచీకి తరలించి, ఖాలిక్‌దీనా హాల్లో విచారించారు. పక్కన అన్న షౌకత్ అలీ, మౌలానా హుసేన్ అహ్మద్ మదనీ, డాక్టర్ సైఫుద్దీన్ కిచ్లూ ఉన్నారు. శారదా పీఠం శంకరాచార్యులు కూడా అదే కేసులో నిందితులు. ఆ తీర్మానం నేను చేయలేదని మౌలానా తప్పించుకోలేదు. అల్లాహ్ ఆజ్ఞ ఒకవైపు, రాజు చట్టం ఇంకోవైపు ఉంటే విశ్వాసి ఎటు నిలబడాలన్నదే ఆయన వాదన. మతాల్లో జోక్యం చేసుకోమని 1858లో విక్టోరియా రాణి ఇచ్చిన హామీని కూడా కోర్టుకు గుర్తుచేశారు. నవంబర్ 1న రెండేళ్ల కఠిన శిక్ష పడింది. శంకరాచార్యులు నిర్దోషిగా బయటపడ్డారు.

ఆయన మదరసాలో చదివిన ఆలిమ్ కాదు, మౌలానా అన్నది జనం పెట్టుకున్న పిలుపు. 1878లో రాంపూర్‌లో పుట్టారు. పసితనంలోనే నాన్న పోతే తల్లి బీ అమ్మా కష్టపడి చదివించారు. అలీగఢ్ తర్వాత ఆక్స్‌ఫర్డ్. ఐసీఎస్ తప్పారు. బరోడాలో మంచి ఉద్యోగం చేశారు. దాన్ని వదిలేసి 1911లో కలకత్తాలో 'కామ్రేడ్' పత్రిక పెట్టారు, తర్వాత ఢిల్లీలో ఉర్దూ 'హమ్‌దర్ద్'. 1915 నుంచి నాలుగేళ్లు సర్కారు నిర్బంధంలో పెట్టింది. ఎక్కువ కాలం ఛింద్వాడాలో గడిచింది. ఖుర్ఆన్‌ను అర్థం చేసుకుంటూ మనసు పెట్టి చదివింది అక్కడే. నలభైకి దగ్గర పడిన వయసులో! ఇంట్లో చిన్నప్పుడు నేర్చుకున్నది చాలనుకునే మనలాంటివాళ్లు ఇక్కడ కాసేపు ఆగాలి.

ఈ దారిలో పోయింది ఆయన సుఖం ఒక్కటే కాదు. రెండో జైలు కాలంలో కూతురు ఆమినా క్షయతో మంచం పట్టింది. తండ్రి ఆమె దగ్గర కూర్చోలేని స్థితి. జైలు నుంచే ఆమె కోసం కవిత రాశారు. 1923లో విడుదలయ్యారు. మరుసటి ఏడాది కూతురూ పోయింది, బీ అమ్మా పోయారు. ఏ ఖిలాఫత్ కోసం జైలుకెళ్లారో దాన్ని అదే ఏడాది మార్చిలో తుర్కులే రద్దు చేశారు.

అంతకు కొన్ని నెలల ముందే, 1923 డిసెంబర్‌లో, ఆయన మళ్లీ మన తీరానికి వచ్చారు. ఈసారి కాకినాడ కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షుడిగా. జవహర్‌లాల్ నెహ్రూను కార్యదర్శిగా పెట్టుకున్నారు. తీర్మానాల్లో ఎలాగోలా దేవుడి ప్రస్తావన తెచ్చేవారట మౌలానా. అదెందుకని నెహ్రూ పేచీ పెట్టేవారు. అయినా ఆ ఇద్దరి మధ్య ఆప్యాయత తగ్గలేదు.

ఆయన్ను తప్పులే లేని మనిషిగా చూపించనక్కర్లేదు. కోపం ఎక్కువ, మాట తూలేవారు, పాత స్నేహితులతో తగువులు పడ్డారు. 1928లో నెహ్రూ రిపోర్టు దగ్గర కాంగ్రెస్‌తో తెగిపోయింది. అది సరైనదా కాదా అని ఇప్పటికీ వాదించుకుంటారు. నాకైతే ఒకటి అనిపిస్తుంది. ఆయన మనసులో ఒకటి, బయట ఒకటి పెట్టుకోలేదు. దానివల్ల లాభమూ చూశారు, నష్టమూ చూశారు.

1930లో ఒళ్లంతా జబ్బుతో లండన్ రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్లారు, బేగం తోడుగా. స్వేచ్ఛ ఇవ్వకపోతే బానిస దేశానికి తిరిగి వెళ్లననీ, ఇక్కడే సమాధికి చోటివ్వాల్సి ఉంటుందనీ అక్కడ చెప్పారు. 1931 జనవరి 4న లండన్‌లోనే కన్నుమూశారు. కానీ అక్కడ ఖననం చేయలేదు. జనాజాను బైతుల్ మఖ్దిస్‌కు తీసుకెళ్లి, మస్జిదె అఖ్సా ఆవరణను ఆనుకునే మట్టి ఇచ్చారు.