పేర్లు పుట్టించిన టోల్కీన్

'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' సినిమాలు చూసినవాళ్లకు గాండాల్ఫ్, హాబిట్ అనే పేర్లు గుర్తుండే ఉంటాయి. ఆ పేర్లు ఎక్కడివా అని ఆరా తీస్తే, అమ్మానాన్నలు లేక అద్దె గదుల్లో పెరిగిన ఒక కుర్రవాడి కథ మాకు దొరికింది.

జె.ఆర్.ఆర్. టోల్కీన్ 1892 జనవరి 3న నేటి దక్షిణాఫ్రికాలోని బ్లూంఫాంటైన్‌లో జన్మించారు. నాలుగేళ్లకు తండ్రి పోయారు. ఇంగ్లండ్‌లో తల్లి మేబెల్ తానే లాటిన్ నేర్పారు. 1904లో ఆమె కూడా చక్కెర వ్యాధితో కన్నుమూశారు. ఇన్సులిన్ అప్పటికింకా రాలేదు. టోల్కీన్‌నూ, ఆయన తమ్ముణ్ణీ ఫాదర్ ఫ్రాన్సిస్ మోర్గన్ చేరదీసి చదివించారు.

బర్మింగ్‌హామ్‌లో వాళ్లు ఉన్న ఒక ఇంటి వెనుక రైలు పట్టాలుండేవి. బొగ్గు వ్యాగన్ల మీద రాసివున్న వేల్స్ ఊర్ల పేర్లు ఆ పిల్లవాణ్ణి పట్టేశాయి. మనం 'క' భాష మాట్లాడుకున్నట్లే, ఆయన కూడా బంధువుల పిల్లలతో కలిసి దొంగభాషలు కల్పించారు. మనం అక్కడితో ఆపేశాం, ఆయన ఆపలేదు.

ఆక్స్‌ఫర్డ్ స్కాలర్‌షిప్ మొదటిసారి రాలేదు. 1910లో మళ్లీ రాసి సాధించారు. కాలేజీ లైబ్రరీలో దొరికిన ఫిన్నిష్ వ్యాకరణం ఆయనకు మత్తెక్కించింది. ఆ ప్రభావంతో క్వెన్యా అనే భాషనూ, వేల్స్ భాష ధ్వనులతో సిందారిన్‌నూ తయారు చేశారు. అవి మాట్లాడేవాళ్లు కావాలి కదా, అందుకే కథలు! భాష ముందు, కథ తరువాత.

1916లో సోమ్ యుద్ధంలో పాల్గొని, జబ్బుపడి తిరిగి వచ్చారు. తరువాత ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ నిఘంటువులో 'డబ్ల్యు' అక్షరం మాటల మూలాలు వెదికే ఉద్యోగం చేశారు. 1925లో ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్ అయ్యారు.

గాండాల్ఫ్, మరుగుజ్జుల పేర్లు పాత నార్స్ కావ్యంలోవి. ఓర్క్, ఎంట్ పాత ఇంగ్లిషు మాటలు. హాబిట్ సంగతి వేరు. నలుగురు పిల్లల తండ్రి, జీతం చాలక సెలవుల్లో పరీక్ష పేపర్లు దిద్దేవారు. ఎవరో విద్యార్థి ఒక పేజీ ఖాళీగా వదిలేశాడు (పుణ్యాత్ముడు!). దాని మీద ఆ మాట రాసేశారు. అర్థం అప్పటికి ఆయనకే తెలియదు. 'ది హాబిట్' నవల 1937లో వచ్చింది. కన్నం తవ్వి కట్టుకునేవాడు అనే అర్థం వచ్చేలా పాత ఇంగ్లిషు మూలాన్ని ఆ మాటకు తరువాత కల్పించారు. 1954, 55లలో 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' వెలువడింది.

భార్య ఎడిత్ కూడా తల్లిదండ్రులు లేని పిల్లే. ఇద్దరికీ పరిచయమైంది అద్దె గదులున్న ఇంట్లోనే. ఆమె 1971లో, ఆయన 1973 సెప్టెంబర్ 2న కన్నుమూశారు. ఆక్స్‌ఫర్డ్‌లోని వారి సమాధి రాతిపై ఆమె పేరు కింద లూథియెన్ అనీ, ఆయన పేరు కింద బెరెన్ అనీ చెక్కి ఉంది. ఆ రెండూ ఆయన కల్పించిన పేర్లే.