తుంగభద్ర వంతెన కట్టినాయన మనవడు

సోమవారం తెల్లవారుజామున అనంతపురం, హిందూపురం, కదిరి నుంచి వచ్చే బస్సులు బెంగళూరులో ఆగుతాయి. దిగేవాళ్లలో చాలామంది కంప్యూటర్ కొలువుల కుర్రాళ్లే. భుజాన బ్యాగు, చేతిలో అమ్మ కట్టిచ్చిన పచ్చడి సీసా. మారతహళ్లి పీజీలో బ్యాగు పడేసి, స్నానం చేసి, తొమ్మిదింటికల్లా ఆఫీసులో ఉంటారు. రోజంతా వాళ్లు ముందేసుక్కూర్చునే ఆ యంత్రానికి సిద్ధాంతం రాసిపెట్టిన మహానుభావుడి తండ్రి మన అనంతపురంలో, బళ్లారిలో కొలువు చేశాడంటే నమ్ముతారా? ఆ మహానుభావుడే అలాన్ ట్యూరింగ్.

కంప్యూటర్ రంగంలో నోబెల్ అంతటిదని చెప్పుకునే అవార్డు ఆయన పేరిటే ఉంది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్‌రెడ్డి 1994లో అందుకున్నది అదే. అంతటి మనిషిని సొంత ప్రభుత్వం ఓ రోజు నీ సేవలు ఇక చాలు పొమ్మంది. పనిలో తప్పు పట్టి కాదు. ఆయన మగవాళ్లను ప్రేమించే మగవాడని తెలిసి.

కలెక్టరు తండ్రి, ఇంజినీరు తాత

తండ్రి జూలియస్ ట్యూరింగ్ ఐసీఎస్ అధికారి. 1896లో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చాడు. బళ్లారి, కర్నూలు, విశాఖపట్నం జిల్లాల్లో పదేళ్లు తిరిగాడు. తెలుగు నేర్చుకున్నాడు. 1906లో హెడ్ అసిస్టెంట్ కలెక్టరయ్యాడు. పెళ్లయ్యాక కూడా బదిలీలే బదిలీలు. పార్వతీపురం, అనంతపురం, బెజవాడ, చికాకోల్.. అంటే ఇప్పటి శ్రీకాకుళం. మళ్లీ కర్నూలు. 1911లో ఛత్రపురం.

తల్లి ఎథెల్ సారా. ఆమె తండ్రి ఎడ్వర్డ్ స్టోనీ మద్రాసు రైల్వేలో చీఫ్ ఇంజినీరు. తుంగభద్ర మీద రైలు వంతెన కట్టించినవారిలో ఆయనొకరు. చప్పుడు చేయని పంఖా చక్రం కనిపెట్టి పేటెంటు కూడా తీసుకున్నాడు. మనవడికి యంత్రాల పిచ్చి ఎక్కడినుంచి వచ్చిందో వేరే చెప్పాలా!

ఎథెల్ ఛత్రపురంలో ఉండగా గర్భం దాల్చి, కాన్పుకు లండన్ వెళ్లింది. 1912 జూన్ 23న అలాన్ పుట్టాడు. ఇక్కడి ఎండలు పిల్లలకు పడవని అన్నను, తమ్ముణ్ని ఇంగ్లండులో ఓ రిటైర్డ్ కల్నల్ ఇంట వదిలి తల్లిదండ్రులు మళ్లీ ఓడెక్కారు. పిల్లల్ని ఊళ్లో అవ్వాతాతల దగ్గర వదిలి బెంగళూరులో ఉద్యోగాలు చేసుకునేవాళ్లకు ఆ బాధ తెలుసు.

బళ్లో అలాన్‌కు క్రిస్టఫర్ మార్కమ్ అనే స్నేహితుడుండేవాడు. అతడంటే ప్రాణం. 1930లో క్షయతో మార్కమ్ పోయాడు. ఆ దెబ్బ నుంచి అలాన్ చాన్నాళ్లు కోలుకోలేదు. తర్వాత కేంబ్రిడ్జి. 1936లో, ఇంకా పాతికేళ్లు నిండకముందే, ఏ లెక్కనైనా ఆజ్ఞల వరస ప్రకారం చేసుకుపోయే యంత్రాన్ని కాగితం మీద ఊహించాడు. నేటి కంప్యూటర్‌కు మూలం అదే.

యుద్ధం నాటి పని

1939 సెప్టెంబరులో యుద్ధం ప్రకటించిన మర్నాడే బ్లెచ్లీ పార్క్ అనే రహస్య కేంద్రంలో చేరాడు. జర్మన్ల ఎనిగ్మా సంకేతాలు విప్పడం అక్కడి పని. పోలండు వాళ్లు వేసిన దారిలో ముందుకెళ్లి బోంబ్ అనే యంత్రం రూపొందించాడు. యుద్ధం ముగిసేసరికి అలాంటివి 200కు పైగా తయారయ్యాయి. అట్లాంటిక్‌లో ఓడల్ని ముంచుతున్న జర్మన్ జలాంతర్గాముల సందేశాలు చదివింది ఆయన నడిపిన విభాగమే. అక్కడే పనిచేసే జోన్ క్లార్క్‌తో 1941లో పెళ్లి మాట కుదిరింది. తన సంగతి ఆమెకు దాచకుండా చెప్పేశాడు. ఆమె పట్టించుకోలేదు. అయినా అన్యాయం చేసినట్టవుతుందని ఆయనే తప్పుకున్నాడు. ఊళ్లో పెద్దల బలవంతానికి తలొంచి ఓ ఆడపిల్ల బతుకు కూడా చిక్కుల్లో పెట్టేవాళ్లను చూసినప్పుడు ఈ ముచ్చట గుర్తొస్తుంది.

దొంగతనం కేసు ఎటో వెళ్లింది

1952 జనవరి. అప్పటికి ఆయన మాంచెస్టర్ యూనివర్సిటీలో ఉన్నాడు. 1948 నుంచి ప్రభుత్వ గూఢచార సంస్థ జీసీహెచ్‌క్యూకు సలహాదారు కూడా. విల్మ్‌స్లోలోని ఇంట్లో దొంగలు పడ్డారు. తన స్నేహితుడికి తెలిసినవాడి పనేనని తేలింది. పోలీసులకు చెప్పాడు. ఎవరి ద్వారా తెలిసిందన్నది దాచబోయి ఏదో కథ అల్లాడు. అది నిలవలేదు. గుచ్చి అడిగితే ఆ యువకుడితో తనకున్న సంబంధం మొత్తం రాసిచ్చాడు. అందులో సిగ్గుపడాల్సిందేమీ ఆయనకు కనపడలేదు. దొంగ సంగతి అటుంచి, ఫిర్యాదు చేసినాయనే ముద్దాయి అయ్యాడు. 1885 నాటి చట్టం అది. ఆస్కార్ వైల్డ్‌ను జైలుకు పంపింది కూడా అదే.

మార్చి 31న విచారణ. సహోద్యోగి మాక్స్ న్యూమన్, గూఢచార సంస్థలోనే పనిచేసే హ్యూ అలెగ్జాండర్ బోనెక్కి ఆయన తరఫున సాక్ష్యం చెప్పారు. ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. యుద్ధంలో చేసిన అసలు పని మాత్రం రహస్యం. కోర్టులో బయటపెట్టే వీల్లేదు. జైలా, ఏడాదిపాటు ఆడ హార్మోన్ల మందా.. ఏదో ఒకటి ఎంచుకోమన్నారు. మందు ఎంచుకున్నాడు. ఛాతీ పెరిగింది. వంటిమీదే శిక్ష.

ఉద్యోగం సంగతి చూడండి. ఒకే మనిషి, ఒకే కేసు. యూనివర్సిటీ ఆయన్ను ఉంచుకుంది. 1953లో రీడర్ పదవి కూడా ఇచ్చింది. జీసీహెచ్‌క్యూ తలుపు మాత్రం మూసుకుపోయింది. ఇద్దరు బ్రిటిష్ అధికారులు 1951లో మాస్కో పారిపోయినప్పటి నుంచి ఇలాంటి వాళ్లను బెదిరించి రహస్యాలు లాగుతారన్న భయం పట్టుకుంది. దాచుకోవడానికేమీ మిగలని మనిషిని ఎవడైనా ఏమని బెదిరిస్తాడో వాళ్లకే తెలియాలి.

1954 జూన్ 8న పనామె వచ్చి చూస్తే మంచంమీద శవమై ఉన్నాడు. సైనైడ్. పక్కన సగం కొరికిన యాపిల్. ఆత్మహత్యేనని విచారణలో తేల్చారు. తల్లి ఒప్పుకోలేదు. రసాయనాలతో ఏదో ప్రయోగం చేస్తూ పొరపాటు పడ్డాడనే నమ్మింది. వయసు అప్పటికి 41.

క్షమాపణలు ఆలస్యంగా వచ్చాయి. 2009లో ప్రధాని గోర్డన్ బ్రౌన్, 2013 డిసెంబరు 24న రాణి క్షమాభిక్ష. మూసిన తలుపు వెనకనుంచి జీసీహెచ్‌క్యూ అధిపతి క్షమాపణ 2016లో వచ్చింది. 2021లో 50 పౌండ్ల నోటు మీద బొమ్మ వేశారు.

మన దగ్గర..

రాణి క్షమాభిక్షకు సరిగ్గా 13 రోజుల ముందు, 2013 డిసెంబరు 11న, మన సుప్రీంకోర్టు 377 సెక్షన్‌ను తిరిగి నిలబెట్టింది. అది కూడా ఆ దొరలు 1860లో రాసిచ్చిందే. బెంగళూరులో అప్పటికే, 2008 జూన్ 29 నుంచి, ఏటా జనం రోడ్డెక్కి నడుస్తున్నారు. మొదట్లో కొందరు ముఖానికి మాస్కు తగిలించుకుని నడిచేవారు. మర్నాడు ఆఫీసులో ఎవరైనా గుర్తుపడతారని! 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టే ఆ సెక్షన్ కోరలు పీకింది.

నేరం పోయింది సరే, ఆఫీసులో వెక్కిరింతలు పోయాయా? పని ప్రదేశంలో లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం ఆడవాళ్ల కోసం. ట్రాన్స్‌జెండర్లకు 2019లో వేరే చట్టం వచ్చింది. గే అన్న కారణంగా ప్రైవేటు కంపెనీ ఓ కుర్రాణ్ని తీసేస్తే ఇది తప్పని నేరుగా చెప్పే చట్టం లేదు. కొన్ని కంపెనీలు తమ నిబంధనల్లో రాసుకున్నాయి, అంతే. కాబట్టి చేరేముందే హెచ్‌ఆర్ వాళ్లిచ్చే పుస్తకంలో లైంగికత ఆధారంగా వివక్ష చూపరాదన్న మాట ఉందో లేదో చూసుకోవాలి. తీసేసేటప్పుడు అసలు కారణం కాగితం మీద ఎవరూ రాయరు. పనితీరు బాలేదంటారు. అంతకుముందు దాకా బాగుందని మేనేజరు పంపిన మెయిళ్లు, వెక్కిరించిన తేదీలు, విన్నవాళ్ల పేర్లు ఆఫీసు కంప్యూటర్లో కాకుండా ఇంట్లో రాసిపెట్టుకోవాలి. ఉద్యోగం పోయిన సాయంత్రమే ఆ కంప్యూటర్ లాగేసుకుంటారు.