ఆరు పుంజులు చెప్పిన పాఠం

కోడెకు విత్తులు కొట్టిస్తే సాధువవుతుందని మా రైతులకు తరతరాలుగా తెలుసు. ఎందుకలా అవుతుందని మాలో ఎవరూ అడగలేదు. అడిగినవాడు ఆర్నాల్డ్ అడాల్ఫ్ బెర్తోల్డ్.

ఆయన 1803లో జర్మనీలోని జోస్ట్ పట్టణంలో పుట్టాడు. గొట్టింగెన్‌లో వైద్యం చదివి అక్కడే ప్రొఫెసరయ్యాడు. 1834లో బున్సెన్‌తో కలిసి పాషాణానికి విరుగుడు కనిపెట్టాడు. మన లాబొరేటరీలోని బర్నరుకు పేరిచ్చిన బున్సెనే!

1848లో ఆరు పడుచు పుంజులకు ఆపరేషన్లు చేశాడు. వృషణాలు పూర్తిగా తీసేసినవాటికి తురాయి పెరగలేదు, పౌరుషం లేదు. మిగతావాటికి ఒక్కొక్క వృషణాన్ని కడుపులో మరోచోట ఉంచాడు. అవి మామూలు పుంజుల్లాగే కూశాయి, పోట్లాడాయి. కోసి చూస్తే, పాత నరాల సంబంధం లేదు గానీ కొత్త రక్తనాళాలు అల్లుకున్నాయి. అంటే వృషణాల ప్రభావం ఒళ్ళంతా పాకేది రక్తం ద్వారానే అన్నమాట. నాలుగు పేజీల్లో ఆ సంగతి రాశాడు. పట్టించుకున్నవారు లేరు. 1861లో కన్నుమూశాడు.

ఆ పదార్థమే టెస్టోస్టిరోన్. 1935లో దాన్ని వేరుచేశారు. రక్తంలోని హార్మోన్లను కొలిచే పద్ధతికి 1960 ప్రాంతంలో యాలో, బెర్సన్ ఇన్సులిన్‌తో దారి వేశారు. నేటి పరీక్షల్లో డెసిలీటరు రక్తానికి మగవారిలో సుమారు 300 నుంచి 1000 నానోగ్రాములు, స్త్రీలలో 15 నుంచి 70 ఉంటుంది. ఆడవారి అండాశయాలు, అడ్రినల్ గ్రంథులు కూడా దీన్ని తయారుచేస్తాయి.

కాబట్టి తేడా పాళ్ళలోనే. గడ్డం మీద వెంట్రుకలు మొలిచిన ఆడపిల్లను మన ఊళ్ళలో ఇప్పటికీ వెక్కిరిస్తారు. చాలాసార్లు అది ఈ హార్మోను హెచ్చడం వల్లనే, వైద్యముంది. ఆ పిల్లకు కావలసింది ఎగతాళి కాదు, రక్తపరీక్ష.