యెల్లాప్రగడ సుబ్బారావుగారు

ఓరుగల్లు సీమలోని పాలంపేట దేవాలయమును 1213లో కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించెను. అయినను ప్రజలు దానిని శిల్పియని ప్రతీతిగల రామప్ప పేరనే పిలుచుచున్నారు. పనివానికి దక్కిన యిట్టి గౌరవము మన వైద్యశాస్త్రజ్ఞులకు దక్కలేదు. అందుకు యెల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితమే నిదర్శనము.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీని భీమవరమున జన్మించిరి. పేదరికముతో పెనగులాడుచు మెట్రిక్యులేషను పరీక్షలో మూడవమారు కృతార్థులైరి. యౌవనముననే వారి యిరువురు సోదరులను స్ప్రూ అను ప్రేవుల వ్యాధి కొలది దినముల వ్యవధిలో కబళించెను. ఈ వ్యాధియందు ప్రేవులు అన్నసారమును గ్రహింపజాలవు, రక్తము క్షీణించును, రోగి నానాటికి కృశించును. సుబ్బారావుగారును దీని పాలబడి, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సవలన కోలుకొనిరని చెప్పుదురు.

మదరాసు వైద్యకళాశాలలో వారు ఖద్దరు అంగీ ధరించి శస్త్రచికిత్సాశాలకు పోవుట ఆచార్యుడగు బ్రాడ్‌ఫీల్డు దొరకు కంటగింపయ్యెను. ఫలితముగా పూర్ణపట్టమగు ఎం.బి.బి.ఎస్. లభింపక, ఎల్.ఎం.ఎస్. పట్టముతో తృప్తిపడవలసివచ్చెను. స్వదేశమున దారి మూసికొనిపోగా 1923లో బోస్టను నగరము చేరిరి. అచట ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపాత్రలను శుభ్రముచేసి పొట్టపోసికొనిరి. హార్వర్డులో పరిశోధన సాగించి, రక్తమునందలి భాస్వరమును కొలుచు విధానమును 1925లో ఫిస్కేతో గూడి వెల్లడించిరి. 1940లో లెడర్లీ పరిశోధనాలయమున చేరిరి.

అచట వారి నాయకత్వమున 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారయ్యెను. సోదరులను బలిగొన్న వ్యాధిలోని రక్తహీనతకు అది మందయ్యెను. బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ అను సూక్ష్మజీవినాశకౌషధము 1948లో వెలువడినదియు వారి పర్యవేక్షణముననే. టెట్రాసైక్లిను జాతి మందులలో అది మొదటిది. ఆ యేటి ఆగస్టులోనే, మాతృభూమిని మరల చూడకయే, 53వ యేట వారు అమెరికాలో కీర్తిశేషులైరి.

వారు కత్తిపట్టిన శస్త్రవైద్యులు కారు. అయినను ప్రేవుల శస్త్రచికిత్సకు సిద్ధపడు ప్రతి రోగియు వారి కృషికి ఋణపడియున్నాడు. ముందుగా దినము నిర్ణయించి చేయు చికిత్సయైనను, కోత ముగియుటతో గండము గడవదు. ఇంటికి పోయినవారిలో రమారమి పదిమందికొకరు నెలలోపల మరల ఆసుపత్రి చేరుచున్నారని విదేశముల లెక్కలు తెలుపుచున్నవి. గాయము చీముపట్టుట, ప్రేవుల అతుకు కారుట, ప్రేవులు కదలక కడుపుబ్బుట ఇందుకు ముఖ్యకారణములు. ప్రేవు కొనను పొట్టపైకి తెచ్చి కుట్టినవారికి నీరు విశేషముగా పోయి నిస్త్రాణ కలుగుటయు కద్దు. చికిత్సకు ముందే తగిన సూక్ష్మజీవినాశకములను ఇచ్చినచో గాయపు చీము మూడింట రెండువంతులు తగ్గునని పరీక్షలవలన తేలినది. రక్తహీనతను ముందుగా సరిచేయుటయు మేలు. సుబ్బారావుగారు జీవితమును ధారపోసినది ఈ రెండు త్రోవలలోనే గదా!

మందు మాత్రము చాలదు. పాలంపేటవంటి పల్లెనుండి పట్టణమునకు పోయి చికిత్స పొందిన రైతు, జ్వరము తగిలినను, వాంతులైనను, కడుపుబ్బినను వెంటనే యెవరికి చెప్పవలయునో యెఱుగక దినములు గడుపును. ఆ జాప్యమే ప్రాణాంతకమగును. అపాయచిహ్నములను తేటతెలుగున వ్రాసి రోగి చేతికిచ్చుటయు, ఇల్లు చేరిన మొదటివారమున వైద్యోద్యోగి పోయి చూచుటయు పెద్ద వ్యయముతో గూడిన పనులు కావు. ఆసుపత్రి యధికారులు వీనిని నియమముగా పాటింపవలయును. గ్రామపెద్దలు పట్టుబట్టి పాటింపజేయవలయును. సుబ్బారావుగారికి శిలావిగ్రహములకంటె ఇదియే తగిన స్మారకచిహ్నము.