ఎక్కడ ఆగాలో తెలిసిన వైద్యుడు – అబుల్ ఖాసిమ్ జహ్రావీ

ముస్లిం వైద్యుల ప్రస్తావన రాగానే మనకు ఇబ్నె సీనా, రాజీ పేర్లు గుర్తుకొస్తాయి. వారి సరసన నిలబడదగిన మరో మహనీయుడు అబుల్ ఖాసిమ్ ఖలఫ్ బిన్ అబ్బాస్ జహ్రావీ (రహ్మలై). తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పిన మనిషిని ఎలా పరీక్షించాలి, పుర్రెను ఎప్పుడు తెరవాలి, ఎప్పుడు ముట్టుకోకూడదు అనే విషయాలను వెయ్యేళ్ల క్రితమే ఆయన వివరంగా రాసిపెట్టారు.

అందలూస్, అంటే నేటి స్పెయిన్, అప్పట్లో ఉమయ్యాల పాలనలో ఉండేది. ఖలీఫా మూడవ అబ్దుర్రహ్మాన్ క్రీ.శ. 936లో రాజధాని ఖుర్తుబా (కార్డోబా) సమీపంలో మదీనతుజ్ జహ్రా నగర నిర్మాణం ప్రారంభించాడు. జహ్రావీ ఆ ప్రాంతం వారే. ఆయన పేరు ఆ ఊరి నుంచే వచ్చింది. పేరు చివర ఉన్న అన్సారీ అనే పదాన్ని బట్టి ఆయన పూర్వీకులు మదీనా అన్సారులని తెలుస్తోంది. సుమారు యాభై ఏళ్లు ఆయన రోగుల సేవలోనే గడిపారు. 1009లో అంతర్యుద్ధం చెలరేగింది. మరుసటి సంవత్సరం జహ్రా నగరం దోపిడీకి గురై పాడుబడింది. హిజ్రీ 404 (క్రీ.శ. 1013) ప్రాంతంలో ఆయన పరమపదించారు.

ఆయన జీవిత విశేషాలు మనకు దక్కినవి బహు తక్కువ. కాని ఆయన గ్రంథం దక్కింది. దాని పేరు ‘అత్తస్రీఫ్’. క్రీ.శ. 1000 ప్రాంతంలో పూర్తయిన ఈ గ్రంథంలో 30 భాగాలున్నాయి. చివరి భాగం పూర్తిగా శస్త్రచికిత్స గురించే. అందులో సుమారు 200 పరికరాల బొమ్మలు గీయించారు. తన దేశంలో శస్త్రచికిత్స దాదాపు అంతరించిపోయిందని, శరీర నిర్మాణం తెలియనివారు కత్తి పట్టి ప్రాణాలు తీస్తున్నారని ఆయన ఆవేదన చెందారు. ఒక స్త్రీ మెడ మీది గడ్డను అజ్ఞాన వైద్యుడొకడు కోసి, రక్తనాళాలు తెగ్గొట్టి, ఆమె మరణానికి కారకుడైన ఉదంతాన్ని శిష్యులకు హెచ్చరికగా రాశారు.

ఇక తల గాయాల విషయానికి వద్దాం. పుర్రె ఎముక విరగడంలో ఆయన అనేక రకాలు గుర్తించారు. కొన్ని ఎముకను చీల్చుకుని లోపలి దాకా పోతాయి. కొన్ని వెంట్రుకలా సన్నని పగుళ్లు. అటువంటి పగులు కంటికి కనిపించకపోతే ఎముకను శుభ్రంగా తుడిచి సిరా పూయమన్నారు. పగులులోకి దిగిన సిరా దాని జాడ చూపుతుంది. ఎక్స్-రే లేని రోజుల్లో అదే పరీక్ష! పసిపిల్లల మెత్తని పుర్రె పగలకుండా, దెబ్బ తిన్న రాగి పాత్రలా లోపలికి సొట్టపోతుందని కూడా ఆయన గమనించారు.

విరిగిన ఎముక ముక్క మెదడుపై నొక్కుతూ ఉంటే దాన్ని తీయాలి. అయితే పుర్రెకు రంధ్రం వేసేటప్పుడు చేయి ఒక్క పిసరు జారినా మెదడును కప్పి ఉండే పొర చిల్లుపడి రోగి మరణిస్తాడు. అందుకే వడ్రంగి బరమా లాంటి పరికరానికి మొన కొంచెం పైన ఒక కట్టు అమర్చాలన్నారు. ఆ కట్టు ఎముకకు తగలగానే మొన ఇక లోపలికి దిగదు. అందరి పుర్రెల మందం ఒకటి కాదు కనుక వేర్వేరు కొలతల బరమాలు సిద్ధం చేసుకోవాలని కూడా సూచించారు. గాయం చుట్టూ రంధ్రాలు వేసి, వాటి మధ్య ఎముకను ఉలితో కోసి, ముక్కను మృదువుగా పైకి తీసి, అంచులను నునుపు చేయాలి. ఈ పరికరాన్ని ఆయనే కనిపెట్టారని కొందరు రాస్తుంటారు. అది సరికాదు. గ్రీకు వైద్యులకూ అటువంటిది తెలుసు. పూర్వుల జ్ఞానాన్ని స్వీకరించి, స్వానుభవంతో పరీక్షించి, బొమ్మతో సహా తర్వాతి తరానికి అప్పగించడమే ఆయన ఘనత.

వాంతులు, మూర్ఛ, మాట పడిపోవడం, తీవ్ర జ్వరం వంటి భయంకర లక్షణాలుంటే కత్తి పట్టవద్దని, కోలుకునే ఆశ ఉన్నప్పుడే పూనుకోవాలని ఆయన బోధించారు. తలలో నీరు చేరే వ్యాధితో ఒక పసివాడు, కూర్చోలేనంతగా తల పెరిగి మరణించడం ఆయన కళ్లారా చూశారు. ఆ వ్యాధికి శస్త్రచికిత్స చేయడం తాను మానుకున్నానని దాచకుండా చెప్పారు. పేరు కోసమో, ధనం కోసమో రోగి ప్రాణాన్ని పణంగా పెట్టడం ఆయన దృష్టిలో ద్రోహం. రోగి శరీరం వైద్యుని చేతిలో ఒక అమానత్.

12వ శతాబ్దంలో జెరార్డ్ ఆఫ్ క్రెమోనా ఆయన శస్త్రచికిత్సా భాగాన్ని లాటిన్‌లోకి అనువదించాడు. 1497లో అది వెనిస్‌లో అచ్చయింది. యూరప్ వైద్యులు శతాబ్దాల తరబడి దాన్ని చదివారు. నేటి ఆపరేషన్ థియేటర్లలో ఎముకను దాటగానే తనంతట తానే ఆగిపోయే డ్రిల్లులున్నాయి. యంత్రం మారినా జాగ్రత్త అదే.

ఆయన నేర్పిన మరో పాఠం కూడా పాతబడలేదు. తలకు గాయమైనవారికి స్టెరాయిడ్ మందు మేలు చేస్తుందని దశాబ్దాలపాటు వైద్యులు నమ్మారు. పది వేల మందికి పైగా రోగులపై జరిగిన పరిశోధన, ఆ మందు వల్ల మరణాలు పెరుగుతున్నాయని 2004లో తేల్చింది. రక్తస్రావాన్ని అరికట్టే ట్రానెగ్జామిక్ ఆమ్లాన్ని దెబ్బ తగిలిన మూడు గంటల లోపు ఇస్తే, గాయం మరీ తీవ్రం కానివారిలో కొందరి ప్రాణాలు నిలుస్తాయని 2019లో మరో పరిశోధన వెల్లడించింది. మొదటిది ఒక నమ్మకాన్ని వదులుకోమంది, రెండవది ఒక దారి చూపింది. వైద్యానికి రెండూ అవసరమే.

వైద్యవిద్య చదువుతున్న మన యువతీ యువకులు జహ్రావీ పేరు చెప్పుకుని గర్వపడితే చాలదు. చేయి వేయడానికి ముందు నేర్చుకోవడం, తెలియనిచోట ఆగిపోవడం, ఫలించనిదాన్ని కూడా నిజాయితీగా రాసిపెట్టడం ఆయన వదిలివెళ్లిన వారసత్వం. అల్లాహ్ ఆయన్ని కరుణించుగాక! మనకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.